ప్లాటినం ఉంగరం కొనవచ్చునా?

మన కెమిస్ట్రీ లాబులో ఒక గాజు కడ్డీ ఉన్నది. దాని కొసన రెండంగుళాల పొడవున సన్నని తెల్లటి తీగ ఒకటి అతికించి ఉంటుంది. చూడడానికి సైకిలు చక్రం ఊచ ముక్కలాగా, ఏ ప్రత్యేకతా లేకుండా ఉంటుంది. లవణ విశ్లేషణలో జ్వాలా పరీక్షకు మేమందరం నిక్రోం తీగలు వాడుకుంటాము గాని, ఈ కడ్డీ మాత్రం బీరువాలో తాళం వేసి ఉంటుంది. మొదటి సంవత్సరంలో ఒకరోజు మేష్టారు దాన్ని బయటికి తీసి, హైడ్రోక్లోరికామ్లంలో ముంచి, బేరియం లవణం అద్ది బున్సెన్ మంటలో పెట్టి చూపించారు. మంట లేతాకుపచ్చగా మారింది. తీగ ఎర్రగా కాలింది గాని కరగలేదు, నల్లబడలేదు, ఆమ్లానికి చలించలేదు, తన రంగు మంటకు అంటించలేదు. చూద్దామని నేను చేయి చాపగానే లాబ్ అటెండరు గారు, "అమ్మాయ్, జాగ్రత్త! అది పోయిందంటే నీ ఏడాది ఫీజు కట్టినా తిరిగి రాదు" అన్నారు. ప్లాటినంతో నా మొదటి పరిచయం అది.

రెండవ పరిచయం మా ఇంట్లోనే జరిగింది. మాది పల్నాడులో మిరప, పత్తి వేసుకునే కుటుంబం. క్రిందటేడు మా అక్కకు సంబంధం కుదిరింది. బావ హైదరాబాదులో ఉద్యోగం. నిశ్చితార్థం ఉంగరాలు బంగారంవి కాకుండా ప్లాటినంవి అయితే బాగుంటుందని అబ్బాయి ముచ్చటపడుతున్నాడని మగపెళ్ళివారు కబురు చేశారు. మా నాన్నగారు నన్ను పిలిచి, "నువ్వు సైన్సు చదువుతున్నావు గదా, ఆ తెల్ల లోహం సంగతేమిటో చెప్పమ్మా" అన్నారు. నేను చదువుకున్నదంతా అరగంట సేపు ఉత్సాహంగా చెప్పాను. ఆయన చివరిదాకా విని ఒక్క ప్రశ్న వేశారు. "అంతా బాగానే ఉంది. రేపు అవసరమొస్తే దాన్ని బ్యాంకులో పెట్టుకుంటారా?"

ఆ ప్రశ్నకు ఏ పాఠ్యపుస్తకంలోనూ జవాబు లేదు. అందువల్ల నగల కోసం ప్లాటినాన్ని ఎంచుకోవడంలోని లాభనష్టాలను మొదటినుంచి చివరిదాకా నేనే విచారించవలసి వచ్చింది. మన విద్యార్థులలో చాలామందికి త్వరలోనే ఈ ప్రశ్న ఎదురవుతుంది గనుక, తెలుసుకున్నది మీ ముందుంచుతున్నాను.

చిన్న వెండి కథ

ప్లాటినం పరమాణు సంఖ్య 78. బంగారానిది 79. ఆవర్తన పట్టికలో ఇవి రెండూ పక్కపక్క ఇళ్ళవి. అయినా వాటి చరిత్రలకు ఎంతో భేదమున్నది. బంగారాన్ని మనిషి వేల ఏళ్ళుగా కరిగించి నగలు చేసుకుంటున్నాడు. ప్లాటినాన్ని కరిగించడం మాత్రం నిన్న మొన్నటి దాకా ఎవరి వల్లా కాలేదు. కారణం దాని ద్రవీభవన స్థానం. వెండి 962 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర, బంగారం 1064 డిగ్రీల దగ్గర కరుగుతాయి. ప్లాటినానికి 1768 డిగ్రీలు కావాలి. బొగ్గుల కుంపటి, ఊదుగొట్టం పెట్టుకున్న కంసాలి ఎంత ఊదినా ఆ వేడి రాదు.

అయినప్పటికీ దక్షిణ అమెరికాలోని నేటి ఈక్వడార్ తీర ప్రాంతపు ప్రాచీనులు ఒక ఉపాయం కనిపెట్టారు. నది ఇసుకలో దొరికే ప్లాటినం రేణువులను బంగారు రజనుతో కలిపి వేడి చేసేవారు. బంగారం కరిగి ప్లాటినం రేణువులను అంటించేది. దాన్ని మళ్ళీ మళ్ళీ కాల్చి, సమ్మెటతో కొట్టి, ముక్కుపోగులు, చిన్న చిన్న నగలు చేసుకున్నారు. ప్లాటినం కరగకుండానే నగ తయారైందన్న మాట!

తరువాత ఆ ఖండానికి వచ్చిన స్పెయిన్ వారు కొలంబియా నదులలో బంగారం కోసం ఇసుక కడుగుతుంటే, బంగారంతో పాటు ఈ తెల్లటి రేణువులు వచ్చి చికాకు పెట్టాయి. కరగవు, విడిపోవు. వెండిని వారి భాషలో 'ప్లాటా' అంటారు. దీన్ని ఈసడింపుగా 'ప్లాటినా', అనగా 'చిన్న వెండి' అన్నారు. మన లోహానికి ఆ పేరే స్థిరపడింది. 1748లో ఆంటోనియో డి ఉల్లోవా అనే స్పెయిన్ నావికాదళాధికారి తన యాత్రా గ్రంథంలో దీని గురించి వ్రాయడంతో ఐరోపా శాస్త్రజ్ఞుల దృష్టి దీనిపై పడింది. అప్పటికే కొందరు మోసగాళ్ళు దీన్ని బంగారంలో కలిపి అమ్మడం మొదలుపెట్టారు. బరువులో రెండూ ఇంచుమించు ఒకటే గనుక త్రాసు పట్టుకోలేదు. అందువల్ల ప్రభుత్వం వారు దొరికిన ప్లాటినాన్నంతా నదులలో పారబోయించారు. ఈనాడు గ్రాము లెక్కన తూచి అమ్మే లోహాన్ని ఒకప్పుడు కల్తీ సరుకని ఏట్లో కలిపారంటే నవ్వు రాకమానదు.

దీన్ని లొంగదీసిన ఘనత ఇంగ్లండుకు చెందిన విలియం హైడ్ వొలాస్టన్‌ది. 19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఆయన ముడి ప్లాటినాన్ని ద్రవరాజంలో కరిగించి, దానికి నవాసాగరం కలిపాడు. ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాళ్ళు వాడే నవాసాగరమే అది, అంటే అమ్మోనియం క్లోరైడు. పసుపుపచ్చని అవక్షేపం వచ్చింది. దాన్ని కాల్చగా మెత్తని బూడిదరంగు ప్లాటినం మిగిలింది. తడిగా ఉండగానే దాన్ని గట్టిగా అదిమి, కాల్చి, సమ్మెటతో కొట్టి కడ్డీలుగా మార్చాడు. ఈ పనిలోనే పల్లాడియం, రోడియం అనే రెండు కొత్త మూలకాలు కూడా ఆయన చేతికి చిక్కాయి. చాలా ఏళ్ళు రహస్యంగా ఉంచిన ఈ పద్ధతిని మరణించే ముందు లోకానికి వెల్లడించాడు. 1828 నుంచి 1845 వరకు రష్యాలో ప్లాటినం నాణేలు కూడా చెలామణీ అయ్యాయి. నేడు లోకానికి కావలసిన ప్లాటినంలో ఎక్కువ భాగం దక్షిణ ఆఫ్రికా నుంచి వస్తున్నది. 1924లో హాన్స్ మెరెన్‌స్కీ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు అక్కడి నిక్షేపాలను వెలికి తెచ్చాడు. అక్కడ టన్ను రాయి తవ్వి పిండి చేస్తే వచ్చేది కొద్ది గ్రాములు మాత్రమే.

కొల్లూరు వజ్రాలకు తెల్లని గద్దె

నగల విషయానికి వస్తే, ప్లాటినానికి పేరు తెచ్చినవి వజ్రాలు. వజ్రం మంచి తెలుపు రంగులో ఉన్నా, దాన్ని బంగారంలో పొదిగితే ఆ పసుపు ఛాయ రాయిలోకి వస్తుంది. వెండిలో పొదిగితే వెండి నల్లబడుతుంది. పైగా వెండి మెత్తన, రాయిని గట్టిగా పట్టడానికి మందంగా పోయాలి. ప్లాటినం తెల్లగానే ఉండిపోతుంది. సన్నని కొక్కెం వేసినా రాయిని వదలదు. ఈ సంగతి గ్రహించి 20వ శతాబ్దం మొదట్లో పారిస్ నగరంలోని కార్టియే వారు సన్నని తీగపని వంటి ప్లాటినం నగలు చేసి ధనికులను ఆకట్టుకున్నారు.

ఇక్కడ మన ప్రాంతానికి ఒక సంబంధం ఉన్నది. కోహినూరు వజ్రం కృష్ణా తీరాన కొల్లూరు గనులలో దొరికిందని చెబుతారు. ఆ గనుల ప్రదేశం పులిచింతల జలాశయంలో మునిగింది. మా ఊరికి ఎంతో దూరం కాదు. 1937లో బ్రిటిషు మహారాణి ఎలిజబెత్ కోసం చేసిన కిరీటంలో కోహినూరును పొదిగినప్పుడు ఆ కిరీటం చట్రాన్ని ప్లాటినంతో చేశారు. కొల్లూరు నుంచే వెళ్ళిందనే నీలి రంగు హోప్ వజ్రం వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్నది. దాని చుట్టూ ఉన్న పొదుగు కూడా ప్లాటినమే. 1947లో హైదరాబాదు నిజాం పెళ్ళి కానుకగా ఎలిజబెత్ రాకుమారికిచ్చిన వజ్రాల హారం కూడా ప్లాటినంలో కూర్చినదే. మన నేలలో పుట్టిన రాళ్ళు ఎక్కడో పుట్టిన లోహంలో కూర్చున్నాయి.

ప్లాటినం మంచి గుణాలు

నాన్నగారికి నేను చెప్పిన మంచి గుణాలివి.

మొదటిది, రంగు మారకపోవడం. మా ఇంట్లో మిరపతోటకు గంధకం కొట్టిన రోజున అమ్మ కాలి మెట్టెలు నల్లబడతాయి. వెండి గంధకంతో కలిసి సిల్వర్ సల్ఫైడు అవుతుంది గదా. ప్లాటినానికి ఆ బాధ లేదు. మామూలు గాలికి, చెమటకు, సబ్బుకు, బ్లీచింగు నీళ్ళకు అది చలించదు. విడివిడిగా గాఢ ఆమ్లాలలో వేసినా కరగదు. నత్రికామ్లం ఒక పాలు, హైడ్రోక్లోరికామ్లం మూడు పాళ్ళు కలిపిన ద్రవరాజంలో, అదీ వేడి చేస్తేనే, మెల్లగా కరుగుతుంది.

రెండవది, స్వచ్ఛత. 22 క్యారట్ల బంగారంలో బంగారం 91.6 శాతం, 18 క్యారట్లలో 75 శాతం. నగల ప్లాటినంలో సాధారణంగా ప్లాటినం 95 శాతం. మిగిలిన 5 శాతం రుథేనియం, ఇరిడియం, కోబాల్టు, రాగి వంటి లోహాలు. శుద్ధ ప్లాటినం మెత్తన గనుక గట్టిదనం కోసం ఇవి కలుపుతారు. నికెలు కలిసిన నగలకు కొందరి చర్మం దద్దురు ఎక్కుతుంది. ప్లాటినంతో ఆ ఇబ్బంది చాలా అరుదు.

మూడవది, అరిగిపోకపోవడం. మా నాయనమ్మ ఉంగరం నలభై ఏళ్ళు వేలికుండి, అరిగి అరిగి చివరికి దారంలాగా తెగిపోయింది. బంగారం మీద గీత పడితే ఆ గీతలోని లోహం కొంత రాలిపోతుంది. ప్లాటినం మీద గీత పడితే లోహం చాలావరకు రాలదు, పక్కకు ఒరుగుతుంది. దుక్కి దున్నినప్పుడు చాలులోని మట్టి గట్టు మీదికి చేరినట్లు అనుకోండి. మట్టి పొలంలోనే ఉంటుంది. అందువల్ల బరువు తగ్గడం చాలా స్వల్పం. అయితే ఒక సంగతి దాచకూడదు. ప్లాటినం మీద గీతలు పడవనుకోవడం పొరపాటు. పడతాయి. కొన్నాళ్ళకు అద్దంలాంటి మెరుపు పోయి మసక మెరుపు వస్తుంది. కొందరికి అదే ఇష్టం, ఇష్టం లేనివారు మెరుగు పెట్టించుకోవచ్చు.

నగల దుకాణంలో

ఉంగరాలు చూడడానికి అక్కతో పాటు నేనూ వెళ్ళాను. మొదట వెళ్ళిన దుకాణంలో గుమాస్తా తెల్లటి ఉంగరాల పెట్టె తీసి, "వైట్ గోల్డ్ అన్నా ప్లాటినం అన్నా ఒకటేనమ్మా, రంగు ఒకటే గదా" అన్నాడు. ఇది తెలియక చెప్పాడో తెలిసి చెప్పాడో గాని, పూర్తిగా తప్పు. వైట్ గోల్డ్ అంటే బంగారంలో పల్లాడియం గాని, నికెలు గాని కలిపి పసుపు రంగు తగ్గించిన మిశ్రమ లోహం. అయినా కాస్త పసుపు ఛాయ మిగులుతుంది గనుక పైన రోడియం పూత వేస్తారు. వాడుకలో కొన్నేళ్ళకు ఆ పూత అరుగుతుంది, లోపలి ఛాయ బయటపడుతుంది, మళ్ళీ పూత వేయించాలి. ప్లాటినం లోపలా బయటా ఒకటే రంగు. రెండవ ప్రపంచ యుద్ధంలో ప్లాటినం యుద్ధ పరిశ్రమలకు కావలసి వచ్చి, అమెరికా ప్రభుత్వం 1942లో నగలలో దాని వాడకాన్ని నిషేధించినప్పుడు వైట్ గోల్డ్‌కు గిరాకీ పెరిగింది. అది మంచి లోహమే, కాని వేరే లోహం.

రెండింటికీ తేడా చేతికే తెలుస్తుంది. ప్లాటినం సాంద్రత ఘన సెంటీమీటరుకు 21.45 గ్రాములు. నగల ప్లాటినం సుమారు 20.5, 22 క్యారట్ల బంగారం సుమారు 17.7, 18 క్యారట్ల వైట్ గోల్డ్ సుమారు 15.5. దీనివల్ల ఏమవుతుందో లెక్క చూడండి. 5 గ్రాముల 22 క్యారట్ల ఉంగరం ఘనపరిమాణం సుమారు 0.28 ఘన సెంటీమీటరు. అదే అచ్చులో ప్లాటినం ఉంగరం పోస్తే దాదాపు 5.8 గ్రాములు తూగుతుంది. వైట్ గోల్డ్ అయితే 4.4 గ్రాములే.

ధర దగ్గర చాలామంది పొరబడేది ఇక్కడే. 2008లో ప్లాటినం ధర బంగారానికి రెట్టింపు పైన ఉండేది. 2015లో బంగారం దాన్ని దాటింది. తరువాతి సంవత్సరాలలో బంగారం ఎంతో ముందుకు పోయింది. 'గ్రాము ధర తక్కువ గదా, ఉంగరం చవకగా వస్తుంద'ని మేమూ అనుకున్నాము. కాని అదే సైజుకు బరువు ఎక్కువ, మజూరీ ఎక్కువ. బిల్లు చూస్తే మేమనుకున్నంత చవక కాలేదు. మజూరీ ఎందుకు ఎక్కువో తెలుసుకోవడానికి మా ఊరికి దగ్గరి బస్తీలో ఉన్న ఆచారిగారి దగ్గరికి వెళ్ళాను. మా అమ్మ పెళ్ళినాటి నగలు చేసింది ఆయనే.

"తల్లీ, నా కుంపటికి అది లొంగదు. ఆక్సిజన్ సిలిండరు పెట్టి కాల్చాలి. ఆ వెలుగు చూడడానికి నల్ల అద్దాలు కావాలి. నేను బంగారానికి వాడే మూస, వెలిగారం దానికి పనికిరావు. బంగారం రజను ఒక్క పిసరు తగిలినా చెడుతుంది, పనిముట్లన్నీ వేరే పెట్టుకోవాలి. నా గీటురాయి మీద మామూలు యాసిడుతో అది తేలదు. మీ అక్క వేలు లావెక్కి ఉంగరం సాగదీయమంటే నేను చేయలేను, పట్నం పంపవలసిందే" అన్నారు. చాలా పాఠాల కంటె స్పష్టంగా ఉన్నది ఆ మాట. ద్రవీభవన స్థానం 1768 డిగ్రీలు అని పరీక్షలో వ్రాసి మార్కు తెచ్చుకున్నాను గాని, ఆ అంకె వల్ల ఒక ఆచారిగారి చేతిలోంచి పని జారిపోతుందని అప్పుడే అర్థమైంది.

నాన్నగారి ప్రశ్న

ఇక బ్యాంకు సంగతి. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు వచ్చి మన రాష్ట్రంలోనూ తెలంగాణలోనూ మిరప తోటలను నాశనం చేసింది. పూత పూతంతా రాలిపోయింది. మా తోట కూడా పోయింది. మరుసటి ఏడు విత్తనానికి, మందులకు డబ్బు ఎక్కడిది? అమ్మ గాజులు నాలుగు, గొలుసు ఒకటి బ్యాంకుకు వెళ్ళాయి. అక్కడ బంగారం చూసే ఆయన గీటురాయి మీద గీసి, తూచి, కాగితం వ్రాసిచ్చారు. అదే రోజు సాయంత్రానికి డబ్బు చేతికి వచ్చింది. ఆ డబ్బుతోనే మా వ్యవసాయం నిలబడింది, నా చదువు ఆగలేదు. కాబట్టి మా ఇంట్లో బంగారం నగ మాత్రమే కాదు, ఆపదకు దాచిన పంట.

అదే బ్యాంకుకు వెళ్ళి ప్లాటినం నగల మీద అప్పిస్తారా అని అడిగాను. "బంగారమైతే తీసుకురామ్మా" అన్నారు. ఊళ్ళో వడ్డీ వ్యాపారి అయితే ఆ మాట వినడానికే ఇష్టపడలేదు. అమ్మాలన్నా ఇబ్బందే. బంగారాన్ని ఏ ఊళ్ళో ఏ దుకాణమైనా తీసుకుంటుంది. ప్లాటినాన్ని సాధారణంగా కొన్న దుకాణానికే తిరిగి పట్టుకుపోవాలి. వారు తమ పద్ధతి ప్రకారం కోత పెట్టి తీసుకుంటారు. కొన్నప్పుడు కట్టిన మజూరీ ఎలాగూ తిరిగి రాదు. మరొక తేడా కూడా ఉన్నది. 2021 జూన్ నుంచి బంగారు నగలకు దశలవారీగా హాల్‌మార్కు తప్పనిసరి చేశారు. ఆ ఉత్తర్వు ప్లాటినానికి వర్తించదు. ప్లాటినం నగ లోపలి వైపున 'పిటి 950' అనే గుర్తు, విడి నంబరు, దానితో పాటు ధ్రువపత్రం ఉన్నాయో లేదో కొనేవారే చూసుకోవాలి.

ఇవన్నీ విన్న నాన్నగారు కాసేపు ఆలోచించి, "బంగారపు పళ్ళానికైనా గోడ చేర్పు కావాలంటారు. మనకు గోడ బంగారమే. గోడ పడగొట్టకుండా పిల్లల ముచ్చట తీర్చవచ్చు గదా" అన్నారు. అలాగే చేశాము. అక్కకు పెట్టదలచుకున్న బంగారంలో ఒక్క గ్రాము కూడా తగ్గించలేదు. రాళ్ళు లేని, సన్నపాటి ప్లాటినం ఉంగరాలు రెండు మాత్రం కొన్నాము. బావ కూడా సంతోషించారు.

లాబులో పరీక్ష

ఉంగరాలు వచ్చాక నాకొక కోరిక పుట్టింది. ఆర్కిమెడీస్ రాజుగారి కిరీటాన్ని పరీక్షించినట్లు నేనూ పరీక్షించాలని! అక్కను బతిమాలి ఉంగరం ఒక్కరోజుకు తెచ్చాను. మేష్టారి అనుమతితో మిల్లీగ్రాముల వరకు చూపే ఎలక్ట్రానిక్ త్రాసు మీద తూచాను. గాలిలో 4.142 గ్రాములు. సన్నని దారంతో వేలాడదీసి నీటిలో తూస్తే 3.941 గ్రాములు. తగ్గిన బరువు 0.201 గ్రాము. 4.142ను 0.201తో భాగిస్తే 20.6 వచ్చింది. అదే వైట్ గోల్డ్ అయి ఉంటే తగ్గే బరువు 0.267 గ్రాముకు దగ్గరగా, 22 క్యారట్ల బంగారమైతే 0.234 గ్రాముకు దగ్గరగా ఉండాలి. కాబట్టి దుకాణంవారు మోసం చేయలేదని తేలింది. ఈ పరీక్షకు ఆమ్లం అక్కరలేదు, ఉంగరానికి గీత పడదు. కాని రాళ్ళు పొదిగిన వాటికి, లోపల బోలుగా ఉన్నవాటికి ఇది పనికిరాదు. ఉంగరానికి గాలి బుడగ అంటుకున్నా లెక్క తప్పుతుంది. మొదటిసారి నాకు అలాగే తప్పింది.

ఆ రోజు లాబులో మేష్టారు ఇంకొక మాట చెప్పారు. ప్లాటినం వేలికి పెట్టుకోనివారు కూడా దాని మేలు పొందుతూనే ఉన్నారట. కార్ల పొగగొట్టాలలో విషవాయువులను విరిచే ఉత్ప్రేరకాలలో ప్లాటినం ఉన్నది. కాన్సరుకు 1978 నుంచి వాడుకలో ఉన్న సిస్‌ప్లాటిన్ అనే మందు అణువులో మధ్యనున్నది ప్లాటినం పరమాణువే. 1889 నుంచి 2019 మే దాకా లోకమంతటికీ కిలోగ్రాముకు ప్రమాణంగా పారిస్ దగ్గర భద్రపరచిన దిమ్మె 90 శాతం ప్లాటినం, 10 శాతం ఇరిడియం. అన్నిటికంటె నన్ను ఆశ్చర్యపరచింది వేరొకటి. అమ్మోనియాను గాలితో కలిపి, సుమారు 900 డిగ్రీల వేడిలో ప్లాటినం, రోడియం తీగలతో అల్లిన వల గుండా పంపితే నైట్రిక్ ఆక్సైడు, దాని నుంచి నత్రికామ్లం వస్తాయి. ఆస్ట్వాల్డ్ పద్ధతి అని మనం చదువుకున్నదే. ఆ నత్రికామ్లంతోనే కాల్షియం నైట్రేటు తయారు చేస్తారు. మా నాన్నగారు డ్రిప్పు పైపులలో మిరపకు వదిలే తెల్లటి ఎరువు అదే! ఈ సంగతి చెబితే ఆయన నవ్వి, "అయితే ప్లాటినం మన పొలానికి ఎప్పుడో వచ్చిందన్న మాట" అన్నారు.

కొనదలచుకున్నవారికి

మిత్రులారా! ప్లాటినం కొనవచ్చునా అంటే, కొనవచ్చును. ఎందుకు కొంటున్నామో తెలిసి కొనాలి. రోజూ వేలికి ఉండి, అరగక, రంగు మారక, వజ్రాన్నో కెంపునో గట్టిగా పట్టి ఉంచే వస్తువు కావాలంటే అంతకంటె మంచి లోహం లేదు. ఆపదకు ఆదుకొనే ఆస్తి కావాలంటే అది బంగారం పని. కొనే ముందు నాలుగు సంగతులు అడిగి తెలుసుకోండి. లోపల 950 గుర్తు, నంబరు, ధ్రువపత్రం ఉన్నాయా? బిల్లులో లోహం ధర, మజూరీ విడివిడిగా వ్రాశారా? తిరిగి ఇస్తే ఎంత కోత పెడతారో కాగితం మీద వ్రాసిస్తారా? వేలికి బిగుతైతే సరిచేసే పని వారి దగ్గరే ఉన్నదా? నాలుగింటికీ సరైన జవాబు వస్తేనే డబ్బు తీయండి. వైట్ గోల్డూ ఇదీ ఒకటేనన్న దుకాణం నుంచి లేచి రండి.

ఈ ఏడు మిరప నారుకు మళ్ళీ డబ్బు కావలసి వచ్చింది. అమ్మ గొలుసు బ్యాంకుకు వెళ్ళింది; పంట వచ్చాక తిరిగి వస్తుంది. అక్క ఉంగరం అక్క వేలికే ఉన్నది. ఏ లోహం చేయవలసిన పని ఆ లోహం చేస్తున్నది.